‘సేకరించడం జరిగింది’ అంటే ఎవరు సేకరించినట్టు?

సందేహం: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా చుట్టుపక్కల ఊళ్లలో తెలుగువాళ్లు ఇళ్లలో వాడే మాటల మీద పరిశోధన వ్యాసం రాస్తున్నాను. ‘ఈ మాటలు నేను సేకరించాను’ అని రాస్తే, అది కబుర్లు చెప్పినట్టుందనీ, ‘సేకరించబడినవి’ అనో ‘సేకరించడం జరిగింది’ అనో శాస్త్రీయంగా రాయాలనీ అన్నారు. ‘నేను’ అనకూడదా? మా ఊరి పేరు పర్లాకిమిడి అని రాయాలా, పారలాఖెముండి అనా? నేను రాసిన రెండు పేజీలు జత చేస్తున్నాను.

సమాధానం: గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం తమాషాగా ఉంది. రాతకు వేరే భాష అక్కర్లేదని ఆయన వాదించి నూరేళ్లు దాటింది. గ్రాంథికం పోయింది గానీ దాని దర్పం ‘జరిగింది’లోకి వచ్చి కూర్చుంది.

‘జరిగింది’ మంచి మాటే. పెళ్లి జరుగుతుంది, జాతర జరుగుతుంది, ప్రమాదం జరుగుతుంది. కానీ సేకరణ దానంతట అది జరగదు. ఎవరో ఎండలో తిరిగి, అరుగుల మీద కూర్చుని, అడిగి రాసుకోవాలి. ‘చర్యలు తీసుకోవడం జరిగింది’ అనే ప్రకటనలు రోజూ వింటున్నాం కదా, చర్య ఎవరు తీసుకున్నారో తెలియకుండా ఉండటమే అక్కడ సౌకర్యం. పరిశోధనలో ఆ సౌకర్యం పనికిరాదు. ఎవరు, ఎక్కడ, ఎంతమందిని అడిగారో చెప్పడమే అక్కడ అసలు సంగతి. నా మొదటి వ్యాసం నిండా ‘జరిగింది’లే. మా గురువుగారు పెన్సిలుతో వాటన్నిటికీ సున్నాలు చుట్టి, ‘ఇన్ని జరుగుతుంటే నువ్వేం చేస్తున్నావయ్యా?’ అన్నారు. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

ఇక ‘బడు’ సంగతి. కనబడింది, వినబడింది అని మన నోట సహజంగానే పలుకుతాం. ‘అన్నం వండబడింది’ అని మాత్రం ఏ ఇంట్లోనూ వినం. చేసినవాడి పేరు చెప్పనవసరం లేనప్పుడు తెలుగుకు తన దారులు తనకున్నాయి. మీ ఊరి రైలునే చూడండి. ‘నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రైలు మార్గం వేశారు’ అంటే చాలు. ఎవరన్నది చెప్పలేదు, ఎవరికీ లోటనిపించలేదు. ‘పర్లాకిమిడి రాజావారు వేయించారు’ అంటే ఇంకో సంగతి తెలుస్తుంది: పని చేసిన చేతులు వేరు, చేయించిన మనిషి వేరు. ‘వేయించారు’లోని ఆ ‘ఇంచు’ ఒక్కటే అంత పని చేస్తోంది. ‘వేయబడింది’ అన్నారంటే ఈ రెండు సంగతులూ పోయి, పట్టాలు మాత్రం మిగులుతాయి. ‘బడు’ ప్రయోగం వ్యాకరణం ఒప్పుకున్నదే, తప్పని నేననను. అయితే శాస్త్రీయత అందులో లేదు.

‘నేను’ అనండి. ‘మేము’ అని మాత్రం వద్దు, మీరు ఒక్కరే రాస్తున్నప్పుడు పక్కన ఇంకెవరున్నారని వెతుక్కోవాలి. ‘మనం’ వేరు, అందులో చదివేవాళ్లూ ఉన్నారు: ‘ఈ పట్టికలో మనం చూసినట్టు’ అంటే బాగానే ఉంటుంది. ఈ తేడా మన భాషలో ఉన్న వసతి, వాడుకోండి. మీ పేజీల్లో ‘ఈ పరిశోధకురాలి దృష్టికి వచ్చినది’ అని ఉంది. ఆ పరిశోధకురాలు మీరేనని తెలుసుకోవడానికి నాకు కాసేపు పట్టింది!

మీరు అడగకపోయినా, ఆ పేజీల్లో నన్ను ఎక్కువసేపు ఆపింది ‘బేగి’. ‘బేగి రా’ అనే మాట ఒడియా నుంచి వచ్చిందని ‘నిస్సందేహంగా చెప్పవచ్చు’ అన్నారు. ఒడియాలోనూ ‘బేగి’ అంటే త్వరగా అనే, నిజమే. ఊరు సరిహద్దులో ఉంది కాబట్టి అలా అనిపించడమూ సహజమే. కానీ కన్నడంవాళ్లు ‘బేగ’ అంటారు, వాళ్లు ఒడిశాకు ఎంత దూరం! సంస్కృతంలో ‘వేగం’ ఉంది, తెలుగులో ‘వేగిరం’ ఉంది. మీ బేగి ఒడియా నుంచే రావచ్చు, సంస్కృతం నుంచి తెలుగు తనంతట తాను తెచ్చుకున్నదీ కావచ్చు, తెలుగు మాటకే పక్కింటి ఒడియా మాట ఊతం అయ్యుండనూ వచ్చు. వీటిలో దేన్ని దేనితో కొట్టేస్తారో రాయండి. ‘నిస్సందేహంగా’ అనే మాట రాసినంత మాత్రాన సందేహం తీరదు. అలాగని ‘అయి ఉండవచ్చునేమోనని అనిపిస్తున్నట్లుగా ఉంది’ అని కూడా నీళ్లు కలపకండి. తెలిసినంత మేరకు ఒక్క ‘వచ్చు’ చాలు.

ఇలాంటిదే ‘అట’. మాట్లాడేటప్పుడు అది ఎంత నిజాయితీ గల ప్రత్యయమో: నేను చూడలేదు, విన్నాను అని రెండక్షరాల్లో చెప్పేస్తుంది. వ్యాసంలో ఆ రెండక్షరాలు చాలవు. ‘ఇక్కడ పూర్వం ఇలా అనేవారట’ అని మీరు రాసిన చోట, చెప్పింది ఎవరు, ఏ వయసువారు, ఏ ఊరు అన్నది రావాలి. పేరు అక్కర్లేదు. ‘డెబ్బై దాటిన ఒక రైతు చెప్పారు’ అన్నా ‘అట’ కంటే నయం.

ఒకే పేజీలో మాండలికం, యాస, పలుకుబడి, ప్రాంతీయ భాష అని నాలుగు మాటలు వాడారు. చెప్పిన మాటే చెప్పకూడదని బళ్లో నేర్పిన అలవాటు ఇది. పద్యంలో పునరుక్తి దోషం కావచ్చు, పరిశోధనలో అదే గుణం. యాస అంటే పలికే తీరు. మాండలికం అంటే పలుకుతో పాటు మాటలూ వ్యాకరణమూ కలిసినది. మీ విషయం మాండలికం. చివరిదాకా ఆ ఒక్క మాటే వాడండి, విసుగనిపించినా సరే.

మీ వాక్యాలు తేలిగ్గా ఉండొచ్చు, మీరు అడిగిన ఊరివాళ్ల మాటలు మాత్రం దిద్దకండి. ముసలమ్మ ‘ఏటి’ అంటే ‘ఏటి’ అనే రాయాలి, ‘ఏమిటి’ అని మర్యాద చేయకూడదు. రామమూర్తిగారు సవర అనే గిరిజన భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణానికి ఆధారం అలా చెవితో విన్నదే.

మీ మొదటి వాక్యం ఇలా ఉంది: ‘పర్లాకిమిడి పరిసర గ్రామములందలి తెలుగువారి గృహ వ్యవహార పదజాలము ఈ అధ్యయనమున సేకరించబడి విశ్లేషించడం జరిగినది.’ మీరు చెప్పిన వివరాలతోనే నేనైతే ఇలా రాస్తాను: ‘పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో తెలుగువాళ్లు ఇళ్లలో వాడే మాటలు సేకరించాను. వాటిలో ఏవి ఒడియా నుంచి వచ్చాయో, ఏవి అలా కనిపిస్తున్నాయో ఈ వ్యాసంలో పరిశీలిస్తాను.’ ఎన్ని ఊళ్లో, ఎన్ని ఇళ్లో మీ ఉత్తరంలో లేదు. మొదటి వాక్యంలో అవి చేర్చండి.

ఊరి పేరు సంగతి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మీ ఊరు అటు వెళ్లింది. 1992 నుంచి గజపతి జిల్లాకు కేంద్రం. ప్రభుత్వ కాగితాల్లో పారలాఖెముండి అని ఉంటుంది. తెలుగులో ఊరి పేరు పర్లాకిమిడే. మొదటిసారి ‘పర్లాకిమిడి, అధికారిక వ్యవహారంలో పారలాఖెముండి’ అని ఒకసారి చెప్పి, తర్వాత పర్లాకిమిడి అనే రాయండి. పటం వేస్తే మాత్రం అందులో అధికారిక పేరే పెట్టండి, చూసేవాళ్లు జనగణన పుస్తకంలో ఆ పేరుతోనే వెతుకుతారు.