మీరు అడిగారు: ఒకే తారీకు, ఎన్ని సంగతులో!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తారీకుల గురించే ఉన్నాయి. ఫలానా రోజున ఇంకేం జరిగింది, ఆ ఇద్దరూ నిజంగా ఒకేరోజు పోయారా, ఈ తేదీ కరెక్టేనా అని. చెన్నైలో మన తెలుగువాళ్ళకి ఈ విషయం మీద ఇంత ఆసక్తి ఉందని నాకూ తెలీదు, చాలా సంతోషమేసింది, అందుకే ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాను.

ప్రశ్న: మా మనవడికి స్కూల్లో "డిసెంబర్ 15" గురించి రాసుకురమ్మన్నారు. పొట్టి శ్రీరాములు గారి గురించి రాయమన్నాను. కానీ ఒక పుస్తకంలో 15 అని, ఇంకోదాంట్లో 16 అని ఉంది. దీక్ష కూడా ఒకచోట 56 రోజులు, ఒకచోట 58. ఏది రాయాలి? ఆ రోజున ఇంకేమైనా ఉన్నాయా?
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మైలాపూర్

జవాబు: ముందు మీకు నమస్కారం సార్, మైలాపూర్‌లో ఉంటూ మనవడికి ఈ పేరు చెప్పినందుకు. ఎందుకంటే ఆయన ప్రాణం పోయింది మీ పేటలోనే. రాయపేట హైరోడ్డులో స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇల్లు ఉండేది కదా, ఆ ఇంట్లోనే 1952 అక్టోబర్ 19న ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్షకి కూర్చున్నారు. లెక్క వేళ్ళ మీదే తేలిపోతుంది, అక్టోబర్‌లో 19 నుంచి 31 దాకా 13 రోజులు, నవంబర్ 30, డిసెంబర్‌లో 15, మొత్తం 58. బాబుని 58 అనే రాయమనండి.

ఇక 15 ఆ 16 ఆ అంటే, ఆయన కన్నుమూసింది 15వ తేదీ రాత్రి బాగా పొద్దుపోయాక, ఊరంతటికీ తెలిసేసరికి తెల్లారింది, ఆ రోజు 16, అందుకే కొన్ని పుస్తకాల్లో అలా పడిపోయింది. అసలు మన పంచాంగం లెక్కలో సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఒకటే రోజు కాబట్టి ఎలా చూసినా 15 కిందికే వస్తుంది.

ఆ రోజున ఇంకేం జరిగాయి అని అడిగారు చూడండి, నాకు బాగా నచ్చిన ప్రశ్న అదే. సరిగ్గా రెండేళ్ళ ముందు, 1950 డిసెంబర్ 15న, బొంబాయిలో సర్దార్ పటేల్ పోయారు. ఇది ఉత్తినే తారీకు కలవడం అని వదిలేయొచ్చు, కానీ కాస్త వెనక్కి వెళ్ళండి. భాషని బట్టి రాష్ట్రాలు ఇవ్వాలా వద్దా అని కాంగ్రెస్ ఒక కమిటీ వేసింది, అందులో జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, మన పట్టాభి సీతారామయ్య గారు, ముగ్గురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపి జేవీపీ కమిటీ అనేవాళ్ళు. 1949లో వాళ్ళిచ్చిన రిపోర్ట్ ఏమందంటే, భాషా రాష్ట్రాలు ఇప్పుడే వద్దు, కొన్నాళ్ళు ఆగుదాం, ఆంధ్ర సంగతి మాత్రం వేరుగా చూడొచ్చు కానీ మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలి అని. అంటే ఆగమన్నవాళ్ళలో ఒకరు డిసెంబర్ 15న పోయారు, ఆగి ఆగి ఇక లాభం లేదని అన్నం మానేసిన మనిషి రెండేళ్ళకి అదే డిసెంబర్ 15న పోయారు. ఇద్దరూ గాంధీ గారి మనుషులే. నాకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది.

తర్వాత సంగతి మీకు తెలిసిందే, ఊళ్ళన్నీ భగ్గుమన్నాయి, రైళ్ళు ఆగిపోయాయి, కాల్పుల్లో మనుషులు పోయారు, నాలుగు రోజులకి, డిసెంబర్ 19న, నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నాం అని ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది, మద్రాసు మనకి రాలేదు, మనం మాత్రం మద్రాసులోనే ఉండిపోయాం.

ఇంకొకటి కూడా రాయమనండి. బాపు గారు పుట్టింది 1933 డిసెంబర్ 15న, నరసాపురంలో. చదువు, బొమ్మలు, సినిమాలు ఎక్కువగా మన మద్రాసులోనే. శ్రీరాములు గారు పోయిన రోజుకి ఆయనకి సరిగ్గా 19 నిండాయన్నమాట.

శ్రీరాములు గారు దీక్ష చేసిన ఆ ఇంటిచోట ఇప్పుడు స్మారక భవనం ఉంది. లజ్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. ఆయన పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, 1901 మార్చి 16న, జార్జ్‌టౌన్‌లో. మనవడిని ఒకసారి తీసుకెళ్ళండి సార్, పుస్తకంలో చూసి రాసిందానికీ ఆ గుమ్మం ముందు నిలబడి వచ్చి రాసిందానికీ చాలా తేడా ఉంటుంది. నేను డిసెంబర్‌లో అటు వెళ్ళినప్పుడు ఆగుతాను, ఆయన బొమ్మ ముందు ఒక్క నిమిషం నిలబడితే, బయట బస్సుల హారన్లు, పక్కనే టీ కొట్టు, ఈ గోలలోనే 58 రోజులు ఒక మనిషి అన్నం ముట్టకుండా ఎలా పడుకుని ఉన్నాడా అనిపిస్తుంది.

ప్రశ్న: జూలై 4 గురించి ఒక వాట్సాప్ మెసేజ్ వచ్చింది అండి, అల్లూరి పుట్టినరోజు, వివేకానందుడు పోయినరోజు, అమెరికా స్వాతంత్ర్యం, మన జెండా ఆమోదించిన రోజు అన్నీ అదే అని. ఇవన్నీ నిజమేనా? ఆఫీస్ గ్రూప్‌లో పెట్టేముందు కనుక్కుందామని.
— ఐటీ ఉద్యోగిని, పెరుంగుడి

జవాబు: పెట్టేముందు అడిగావు చూడమ్మా, అది మంచి పని. ఒక్కటి తప్ప మిగతావన్నీ నిజమే. జెండాని రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జూలై 22న, జూలై 4న కాదు. ఆ గందరగోళం ఎక్కడ వచ్చి ఉంటుందంటే, జెండా అనగానే గుర్తొచ్చే పింగళి వెంకయ్య గారు 1963 జూలై 4న కన్నుమూశారు. ఎవరో ఆ రెండూ కలిపేసి ఉంటారు. కాబట్టి ఆ లైను తీసేసి వెంకయ్య గారి పేరు పెట్టు, 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీ గారికి జెండా నమూనా ఇచ్చింది ఆయనే అని కూడా రాయి.

అల్లూరి సీతారామరాజు గారి జయంతి 1897 జూలై 4. అదే ఏడాది ఫిబ్రవరిలో వివేకానందుడు మన ఊళ్ళోనే ఉన్నారు, విదేశాల నుంచి తిరిగొచ్చి బీచ్ రోడ్డులో ఐస్ హౌస్‌లో తొమ్మిది రోజులు. ఇప్పుడు దాన్నే వివేకానందర్ ఇల్లం అంటున్నారు. తర్వాత ఐదేళ్ళకి, 1902 జూలై 4న, బేలూరు మఠంలో దేహం వదిలారు, వయసు 39. మేరీ క్యూరీ కూడా 1934లో అదే తేదీన పోయారు.

అమెరికా సంగతి ఇంకా విచిత్రం. 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటనని ఆమోదించారు, సరిగ్గా 50 ఏళ్ళకి, 1826 జూలై 4న, దాన్ని రాసిన జెఫర్సన్, దానికోసం గట్టిగా వాదించిన ఆడమ్స్, ఇద్దరు మాజీ ప్రెసిడెంట్లూ కొన్ని గంటల తేడాలో ఒకేరోజు పోయారు. ఒకప్పుడు స్నేహితులు, మధ్యలో ఏళ్ళతరబడి మాటల్లేవు, ముసలితనంలో మళ్ళీ ఉత్తరాలు రాసుకుని కలిసిపోయారు. ఐదేళ్ళ తర్వాత ఇంకో మాజీ ప్రెసిడెంట్ మన్రో కూడా జూలై 4నే పోయాడు. ఇలాంటివి విన్నప్పుడు తారీకులో ఏదో ఉందనిపించడం సహజం, నాకూ అనిపిస్తుంది, కానీ దాని లెక్క వేరే ఉంది, కింద ఇంకో ఉత్తరంలో చెప్తాను.

ప్రశ్న: ఆగస్టు 22 మద్రాస్ డే, చిరంజీవి గారి బర్త్‌డే కూడా అదే! ఆ 1639 తేదీ నిజంగా ఆగస్టు 22 యేనా?
— ఆటో డ్రైవర్, వ్యాసర్‌పాడి

జవాబు: తమ్ముడూ, చిరంజీవి గారిది పక్కా, 1955 ఆగస్టు 22, మొగల్తూరు. ఊరిది, అంటే ఇంగ్లీషువాళ్ళకి ఈ జాగా ఇచ్చిన 1639 నాటి తేదీకి మాత్రం ఒక మెలిక ఉంది. ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళు వాడింది పాత క్యాలెండర్, ఇప్పుడు మనం వాడేదానికన్నా పది రోజులు వెనక ఉండేది. వాళ్ళ లెక్కలో ఆగస్టు 22 అంటే ఇప్పటి లెక్కలో సెప్టెంబర్ 1. వాళ్ళు 1752లో మార్చుకున్నారు, ఆ ఏడాది సెప్టెంబర్ 2న పడుకున్నవాళ్ళు లేచేసరికి 14వ తేదీ. షేక్స్‌పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న పోయారని చెప్తుంటారు కదా, అందులోనూ ఇదే సంగతి, స్పెయిన్ అప్పటికే కొత్త క్యాలెండర్‌కి మారిపోయింది కాబట్టి కాగితం మీద తేదీ ఒకటే, మధ్యలో మాత్రం పది రోజుల తేడా.

తేదీ కన్నా మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటుంది. ఆ జాగా ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చింది దామెర్ల వెంకటప్ప నాయకుడు, తెలుగువాడు. చెన్నపట్నం అనే పేరు వాళ్ళ నాన్న చెన్నప్ప నాయకుడి పేరు మీద వచ్చింది. మీ ఆటో మీద ఊరి పేరు రాసుంటే ఆ పేరులో మన పెద్దాయన ఉన్నాడు.

ప్రశ్న: నా క్లాసులో 40 మంది పిల్లలు. మూడు జతలు ఒకే పుట్టినరోజు! ఇది మామూలేనా?
— తెలుగు టీచర్, పెరంబూర్

జవాబు: మామూలే మేడమ్. ఏడాదికి 365 రోజులున్నాయి కదా అని మనం ఒకరి వైపు నుంచే ఆలోచిస్తాం, కానీ 40 మందిని ఇద్దరిద్దరిగా జత కడితే 780 జతలొస్తాయి, ఎక్కడో ఒకచోట కలవకుండా ఎలా ఉంటుంది? 23 మంది ఉంటే చాలు, సగానికి సగం అవకాశం, 40 మందైతే నూటికి దాదాపు 89. చరిత్రలోనూ అంతే, వేల మంది గొప్పవాళ్ళు, వేల సంఘటనలు, రోజులేమో 366. తారీకులు కలవడం వింత కాదు, కలిసినవాటి వెనక ఏముందో వెతుక్కోవడంలోనే రుచంతా ఉంది. ఆ ఆరుగురు పిల్లల చేత బోర్డు మీద వాళ్ళ తారీకు రాయించి, అదే రోజున పుట్టిన ఒక తెలుగు మనిషిని వెతికి తెమ్మనండి.

ప్రశ్న: మా అత్తయ్యగారికి తిథి ప్రకారం ఒకసారి, తారీకు ప్రకారం ఒకసారి పుట్టినరోజు చేస్తాం. కార్తీక మాసంలో పుట్టారు. రెండూ ఎప్పుడూ కలవవా? ఈసారి 76 నిండుతాయి ఆవిడకి. పక్కింటి తమిళ ఆంటీ వాళ్ళకేమో నక్షత్రం ప్రకారం ఇంకో రోజంట.
— గృహిణి, అన్నానగర్

జవాబు: ఎంత బాగా అడిగారమ్మా. తమిళులది సౌరమాసం, ఆ నెలలో జన్మ నక్షత్రం ఏ రోజు వస్తే ఆ రోజు చేసుకుంటారు. మనది చాంద్రమానం, పన్నెండు నెలలకి 354 రోజులే, ఇంగ్లీషు ఏడాదికన్నా 11 రోజులు తక్కువ, అందుకే తిథి ఏటా వెనక్కి జరుగుతూ ఉంటుంది, అధికమాసం వచ్చినప్పుడు ఒక్కసారిగా ముందుకొస్తుంది. మా అమ్మ వంటింట్లో గోడకి రెండు క్యాలెండర్లు తగిలించేది, ఒకటి తమిళుల డైలీ షీట్, ఇంకోటి మన తెలుగుది, పాల లెక్కల పక్కనే మా అందరి తిథులూ పెన్సిల్‌తో రాసుకునేది, ఏటా కొత్త క్యాలెండర్ రాగానే ముందు చేసే పని అదే.

కానీ కలిసే లెక్క ఒకటుంది. 19 ఏళ్ళు తిరిగేసరికి సరిగ్గా 235 చాంద్రమాసాలు పూర్తవుతాయి, చంద్రుడు మళ్ళీ అదే తారీకుకి అదే చోటికొస్తాడు, మహా అయితే ఒకరోజు అటూఇటూ. 2005లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, మళ్ళీ 2024లో అదే ఏప్రిల్ 9న. అంటే మనిషికి 19, 38, 57 నిండినప్పుడు తిథీ తారీకూ దగ్గరికొచ్చేస్తాయి. తర్వాతది 76.

మీ అత్తయ్యగారిది ఈ ఏడే అమ్మా. తెలుగు క్యాలెండర్ తీసి ఆ తిథి ఏ రోజు పడిందో చూడండి, ఆవిడ ఇంగ్లీషు పుట్టినరోజు పక్కనే ఉంటుంది, రెండూ ఒకటే అయితే ఆవిడకి ఆ రోజు పొద్దున్నే చెప్పండి, 57 ఏళ్ళప్పుడు కూడా ఇలాగే కలిసుంటాయని.