తెర నల్లబడ్డదని ఫార్మాట్ కొట్టనియ్యకు

నల్గొండ

బిడ్డా,

మీ బడి ల్యాబులో మూడు మిషన్ల తెరలు సతాయిస్తున్నయని, రిపేరుకు వచ్చిన పిలగాడు "లైనెక్స్ తీసేసి మొత్తం ఫార్మాట్ కొడదాం" అన్నడని మీ నాయిన చెప్పిండు. నువ్వు పంపిన ఫోటోలు కూడా చూసిన. ఫార్మాట్ మాత్రం కొట్టనియ్యకు. ఆ మిషన్లు పాతవి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు వాటికి లేదు. విండోస్ 10కేమో మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. నువ్వు ఎక్కించిన లైనెక్స్, అదే ఉబుంటు 24.04కు 2029 దాకా అప్‌డేట్లు వస్తయి. కల్వకుర్తి పక్క పల్లెల పిల్లలకు ఇంట్లో కంప్యూటర్ ఎక్కడిది? ల్యాబులో ఉన్నవే దిక్కు. అందుకే జర ఓపిక పట్టి చదువు, పొడుగు ఉత్తరమే రాస్తున్న.

ఒక మాట ముందే చెప్త. కమాండ్లు నేను తెలుగులో రాసినా నువ్వు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే కొట్టు. "గీత" అంటే మైనస్ గుర్తు.

తెర నల్లగైతే మిషన్ పోయిందని అందరూ గాబరా పడతరు. చాలాసార్లు లోపల అంతా నడుస్తనే ఉంటది, బొమ్మ ఒక్కటే బయటికి రాదు. ముందు క్యాప్స్‌లాక్ నొక్కి చూడు. కీబోర్డు మీద దీపం వెలిగి ఆరుతుంటే కర్నెల్, అంటే లైనెక్స్‌కు గుండెకాయ, బతికే ఉన్నది. తర్వాత కంట్రోల్, ఆల్ట్ పట్టుకొని ఎఫ్3 నొక్కు. నల్ల తెర మీద లాగిన్ అని అక్షరాలు వస్తే సగం గెలిచినట్టే, అక్కడినుంచి అన్నీ చక్కబెట్టుకోవచ్చు. అది కూడా రాకపోతే పవర్ బటన్ అదిమి పట్టి ఆపకు. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ రెండూ పట్టుకొని, ఒక్కొక్క దానికి రెండు మూడు సెకన్లు ఆగుకుంట ఎస్, యూ, బీ నొక్కు. డిస్కులో రాయాల్సింది రాసుకొని మిషన్ రీస్టార్ట్ అయితది. ఊరికె కరెంటు పీకితే ఫైళ్లు చెడిపోయి, ఉన్న బాధకు ఇంకో బాధ తోడయితది.

ఇగ అసలు పని, తెర ఏ మెట్టు కాడ పోతున్నదో పట్టుకోవడం. స్విచ్ వేసిన కాడినుంచి చూస్తనే ఉండు. కంపెనీ గుర్తు వచ్చేటప్పుడే గీతలు, చుక్కలు కనిపిస్తే, బయోస్ (ఉబుంటు కంటే ముందే లేచే మిషన్ సొంత సెట్టింగుల తెర) లోపలికి పోయినా అట్లనే ఉంటే, ఉబుంటుకు దానితోని సంబంధమే లేదు. ఆ టైముకు ఉబుంటు ఇంకా మొదలే కాలేదు. కేబులు, ర్యామ్, బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ చూసుకోవాలె. మన దిక్కు ఎండాకాలం ఎండలు, ఎర్ర దుమ్ము నీకు తెల్వనివి కావు. ఫ్యాను రెక్కలకు దుమ్ము పట్టి కార్డు వేడెక్కినా బొమ్మ చెదిరిపోతది. దుమ్ము దులిపి, ర్యామ్ తీసి మళ్లీ గట్టిగ కూసోబెట్టు.

బయోస్ మంచిగ కనిపించి ఆ తర్వాత తెర పోతే అది డ్రైవర్, అంటే ఆ కార్డును నడిపించే ప్రోగ్రాం సంగతి. లాగిన్ తెర వచ్చి, పాస్‌వర్డ్ కొట్టంగనే మళ్లీ లాగిన్‌కే వస్తే అది వేరే సంగతి. అన్నీ వచ్చి బొమ్మలు లావుగ, అక్షరాలు మసకగ ఉంటే అది ఇంకోటి. నీ మూడు మిషన్లకు మూడు వేర్వేరు రోగాలున్నయి, అన్నిటికీ ఒకే మందు వెయ్యొద్దు.

మూలకున్న మిషన్‌తోని మొదలుపెడదాం, అది అన్నిటికంటే సులువు. 1024, 768 కంటే పెద్ద సైజు రానిస్తలేదన్నవు కదా. మానిటర్ తన సైజులేంటివో కేబుల్ గుండా కంప్యూటర్‌కు చెప్పాలె. ఆ సమాచారాన్ని ఈడీఐడీ అంటరు. నీది నీలం మూతి వీజీఏ కేబుల్. దాంట్లో 12వ పిన్ను, 15వ పిన్ను ఆ సమాచారం మోస్తయి. అవి వంగినా, చవక కేబుల్లో తీగ లేకపోయినా రంగులు మంచిగనే వస్తయి గాని సైజు తెల్వదు. అప్పుడు ఉబుంటు ఎందుకైనా మంచిదని చిన్న సైజు పెడతది. పక్క మిషన్ కేబుల్ తెచ్చి మార్చి చూడు. వీజీఏను హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న కన్వర్టర్ మధ్యలో పెట్టి ఉంటే దాన్ని కూడా అనుమానించు. డ్రైవర్ల జోలికి పోకముందే కేబుల్ మార్చి చూసేటోళ్లు తక్కువ. నా అనుభవంలో పాత ల్యాబుల్లో సైజు ఫిర్యాదులు శానా మట్టుకు అక్కడనే తీరినయి.

ఇప్పుడు నడిమి మిషన్. అప్‌డేట్ నడుస్తుంటే గాలిదుమారానికి కరెంటు పోయిందని, వచ్చినంక ఉబుంటు గుర్తు కనిపించి తెర నల్లగైతున్నదని రాసినవు. దీనికే ఎక్కువ టైము పెట్టాలె. కొత్త కర్నెల్ వచ్చినప్పుడల్లా ఎన్విడియా అనే కంపెనీ కార్డు డ్రైవర్ కూడా ఆ కర్నెల్‌కు సరిపోయేటట్టు మళ్లీ తయారు కావాలె. చాలా మిషన్లలో ఆ పనిని డీకేఎంఎస్ అనే ప్రోగ్రాం చేస్తది. సగంలో కరెంటు పోతే కర్నెల్ ఎక్కుతది, డ్రైవర్ తయారు కాదు. ఇంటికి తాళం మార్చి కొత్త చెవి ఎవ్వరికీ ఇయ్యనట్టు ఉంటది పని.

మిషన్ ఆన్ చేసి, కంపెనీ గుర్తు పోంగనే ఎస్కేప్ ఒక్కసారి నొక్కు, మరీ పాత మిషన్ అయితే షిఫ్ట్ పట్టుకో. గ్రబ్ అనే జాబితా వస్తది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోయి పై నుంచి రెండో కర్నెల్, అంటే పాతది, ఎంచుకో. రికవరీ అని రాసి ఉన్న లైను కాదు, మామూలుది. పాత కర్నెల్‌తోని తెర మంచిగ వస్తే నా అనుమానం నిజమైనట్టే, కార్డుకు ఏ ఢోకా లేదు.

పాతదానితోని కూడా రాకపోతే గ్రబ్‌లో మొదటి లైను మీద ఉండి ఇ అక్షరం నొక్కు. లైనెక్స్ అని మొదలయ్యే పొడుగు లైను చివర క్వైట్, స్ప్లాష్ అని రెండు మాటలుంటయి. ఆ రెండు తీసేసి నోమోడ్‌సెట్ అని ఖాళీ లేకుంట కలిపి రాసి ఎఫ్10 నొక్కు. క్వైట్ తీసేస్తే మిషన్ ఏమేం చేస్తున్నదో తెర మీద లైన్లు పారుతయి. ఎక్కడన్న ఆగితే ఆ చివరి లైన్లను ఫోటో తియ్యి, ఆ ఫోటో బంగారమసోంటిది. నోమోడ్‌సెట్ అంటే డ్రైవర్‌ను పక్కన కూసోబెట్టి, మిషన్ మొదట్ల ఇచ్చిన మామూలు తెరతోనే నడువుమని కర్నెల్‌కు చెప్పడం. అది ఆ ఒక్కసారికే పనిచేస్తది, రీస్టార్ట్ చేస్తే పోతది. కొంతమంది దాన్నే పర్మనెంట్‌గ పెట్టి బాగైందని చేతులు దులుపుకుంటరు. అట్ల చేస్తే బొమ్మలన్నీ ప్రాసెసరే గీయాలె, వీడియో ఆగి ఆగి నడుస్తది. సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీకి పో. గ్రాఫిక్స్ అన్నకాడ ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే నీ కార్డు ఖాళీగ కూసున్నదని అర్థం.

లోపలికి వచ్చినంక టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే కిటికీ, తెరిచి సుడో డీపీకేజీ, ఖాళీ, రెండు గీతలు కాన్ఫిగర్, ఖాళీ, గీత ఏ అని కొట్టు. సగంలో ఆగిన అప్‌డేట్‌ను అది పూర్తి చేస్తది. తర్వాత సుడో ఏపీటీ, ఖాళీ, రెండు గీతలు ఫిక్స్ గీత బ్రోకెన్, ఖాళీ, ఇన్‌స్టాల్. దీనికి నెట్ కావాలె, కేబుల్ నెట్ పెట్టుకో. అయినంక డీకేఎంఎస్ స్టేటస్ అని కొడితే ఏ కర్నెల్‌కు డ్రైవర్ తయారైందో చూపిస్తది. కొత్త కర్నెల్ పేరు అక్కడ లేకపోతే డ్రైవర్ తయారీకి కావాల్సిన దాని హెడర్స్ ప్యాకేజీ రాలేదేమో చూడు. ఈసారి అప్‌డేట్ పెట్టేటప్పుడు యూపీఎస్ ఉన్న మిషన్ల మీదనే పెట్టు. మబ్బు పట్టిన సాయంత్రం అసలే వద్దు.

డ్రైవర్ సరిగ ఎక్కినా పనిచెయ్యకపోతే నమ్మకం లేని డ్రైవర్లను ఆపే సెక్యూర్ బూట్ అనే కాపలా అడ్డం వస్తుండొచ్చు. డ్రైవర్ ఎక్కేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటది. రీస్టార్ట్ అయినంక నీలం తెర వచ్చి కొన్ని సెకన్లే ఆగుతది. అక్కడ ఎన్‌రోల్ మోక్ ఎంచుకొని అదే పాస్‌వర్డ్ కొట్టాలె. ఆ తెర చూసి వైరస్ అనుకొని వదిలేస్తే, కర్నెల్ ఆ డ్రైవర్‌ను గడప దాటనియ్యదు. పిల్లలకు కూడా చెప్పి పెట్టు, నీలం తెర వస్తే నిన్ను పిలువుమని.

మూడో మిషన్ కార్డు సంగతి వేరు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ, ఖాళీ, గీత కే అని కొట్టు. వీజీఏ అనే లైనులో కార్డు పేరు, దాని కింద ఇప్పుడు ఏ డ్రైవర్ నడుస్తున్నదో ఉంటది. ఇంటెల్‌కు ఐ915, ఏఎండీకి ఏఎండీజీపీయూ లేకపోతే రేడియాన్ ఉంటయి. ఇవి కర్నెల్‌తోనే వస్తయి, విడిగ ఏమీ ఎక్కించే పని లేదు. తిప్పలంతా ఎన్విడియా కాడనే. డబ్బా మీద జీటీ 730 అని ఉందన్నవు. ఆ పేరుతో రెండు రకాల చిప్పులు అమ్మిండ్రు. ఎల్ఎస్‌పీసీఐలో జీఎఫ్108 అని వస్తే అది ఫెర్మీ తరం, 390 డ్రైవర్ కావాలె, దానికి ఎన్విడియా 2022తోనే మద్దతు ఆపింది. జీకే208 అని వస్తే కెప్లర్ తరం, 470 డ్రైవర్, అది 2024 దాకా నడిచింది. జీఎఫ్ అయితే నా మాట విను, ఎన్విడియా డ్రైవర్ ఆశ వదులుకో. అడిషనల్ డ్రైవర్స్ అనే ప్రోగ్రాం తెరిచి అన్నిటికంటే కిందున్న నూవో డ్రైవర్ ఎంచుకో. దాన్ని బయటి ప్రోగ్రామర్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గ తయారుచేసిండ్రు. ఆటలకు సరిపోదు గాని లిబ్రాఫీస్, బ్రౌజర్, పిల్లల బొమ్మల ప్రోగ్రాములకు దండిగ సరిపోతది. జీకే అయితే సుడో, ఖాళీ, ఉబుంటు గీత డ్రైవర్స్, ఖాళీ, డివైసెస్ అని అడుగు. 470 చూపిస్తే అదే పెట్టు, లేకపోతే దానికి కూడా నూవోనే.

కంపెనీ వెబ్‌సైట్ నుంచి రన్ ఫైలు దించి ఎక్కించమని ఎవరన్న చెప్పినా వద్దు. అది ఉబుంటు ప్యాకేజీల లెక్కలోకి రాదు, ఎప్పుడో ఒక అప్‌డేట్‌కు తిరగబడతది. దాన్ని పూర్తిగ తీసెయ్యడం ఎక్కించినదానికంటే కష్టం.

పాస్‌వర్డ్ కొట్టంగనే మళ్లీ లాగిన్‌కు వచ్చే సంగతి నీ ఫోటోల్లో లేదు గాని ల్యాబన్నంక ఎప్పుడన్న వస్తది. ఎఫ్3 తెర మీదికి పోయి డీఎఫ్, ఖాళీ, గీత హెచ్ కొట్టు. డిస్కు నూటికి నూరు నిండితే డెస్క్‌టాప్ లేవదు, పిల్లలు దించిన వీడియోలు తీసేస్తే లేస్తది. లాగిన్ తెర మూలకు చిన్న చక్రం గుర్తు ఉంటది, దాంట్లో బొమ్మ చూపించే పద్ధతి వేలాండ్ బదులు ఎక్స్‌ఆర్గ్ ఎంచుకొని కూడా చూడు. కొన్ని పాత కార్డులు దానితోనే కుదురుగ ఉంటయి.

ఒక్కసారికి ఒక్కటే మార్చు. మార్చినంక రీస్టార్ట్ చేసి, ఏం మార్చినవో, ఏమైందో మిషన్ నంబరు వేసి నోటుబుక్కులో రాయి. నాలుగు పనులు ఒక్కపారే చేస్తే బాగైనా ఎందుకు బాగైందో తెల్వదు, రేపు పక్క మిషన్‌కు అదే వస్తే మళ్లీ మొదటికే వస్తవు. రిపేరు పిలగాణ్ని కూడా పక్కన కూసోబెట్టుకో, కోపం చెయ్యకు. వాడికి లైనెక్స్ ఎవ్వరూ చూపించలేదు, నేర్చుకుంటే వాడికే నాలుగు ల్యాబుల పని దొరుకుతది.

ఇన్ని చేసినా నడిమి మిషన్ లేవకపోతే ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. అంతకుముందు జర్నల్‌సీటీఎల్, ఖాళీ, గీత కే, ఖాళీ, గీత బీ, ఖాళీ, గీత 1 అని కొట్టి, వచ్చినదాన్ని ఫైలు చేసి పంపు. తెర పోయిన ఆ కిందటిసారి కర్నెల్ ఏం మొత్తుకున్నదో అందులో ఉంటది. ఎల్ఎస్‌పీసీఐ చూపించింది, ఆగిపోయిన లైన్ల ఫోటో కూడా పెట్టు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నదా లేదా బయోస్‌లో చూసి రాసుకో, ఫోన్‌లో మొదట అదే అడుగుత.

మీ పెద్దనాయిన