ఇంగ్లిష్‌లో ‘బెటర్’ను ఎక్కడెక్కడ, ఎలా వాడాలి?

‘గుడ్’, ‘వెల్’ రెండింటికీ తులనాత్మక రూపం ‘బెటర్’ ఒక్కటే. ‘ఎ బెటర్ పెన్’, ‘షి సింగ్స్ బెటర్’ రెండూ సరైనవే. ‘మోర్ బెటర్’ మాత్రం తప్పు. నొక్కి చెప్పాలంటే ‘మచ్ బెటర్’ అనాలి. జబ్బు విషయంలో ‘ఐయామ్ బెటర్’ అంటే కాస్త నయమైందనీ కావచ్చు, పూర్తిగా కోలుకున్నాననీ కావచ్చు. ‘ఎ బిట్ బెటర్’ అంటే ఆ అనుమానం ఉండదు.

ఎక్కువమంది తడబడేది ‘హ్యాడ్ బెటర్’ దగ్గర. ‘హ్యాడ్’ ఉంది కదా అని భూతకాలం అనుకోకండి. ‘యూ హ్యాడ్ బెటర్ గో’ అంటే ఇప్పుడు వెళ్తే మంచిది, వెళ్లకపోతే ఇబ్బంది అని. తర్వాత ‘టు’ రాదు. వద్దని చెప్పాలంటే ‘హ్యాడ్ బెటర్ నాట్ గో’. ఇందులో హెచ్చరిక ధ్వని ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లతో, పై అధికారులతో అనకపోవడమే మేలు. అక్కడ ‘ఇట్ మైట్ బి బెటర్ టు గో’ అంటే మర్యాదగా ఉంటుంది.