నల్లగీతల మామిడి దుంగ పొయ్యిలోకా, లేత్ మీదకా?

ప్రశ్న: మా పెరట్లో కూలిన మామిడి దుంగ ఒక వానాకాలమంతా నేల మీదే పడి ఉంది. కోయిస్తే లోపల పెన్నుతో గీసినట్టు నల్లగీతలు! మేపుల్ కర్రలో ఇలాంటి గీతలతోనే లేత్ (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద గిన్నెలు చేయడం వీడియోల్లో చూశాను. మా వడ్రంగేమో పుచ్చిపోయింది, పొయ్యిలో పెట్టేయమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, గుణుపూర్, రాయగడ జిల్లా

జవాబు: పొయ్యిలో మాత్రం పెట్టకండి. అలాగని వడ్రంగి మాటా అబద్ధం కాదు, అది కుళ్లే. మేపుల్ మన వైపు దొరకదు, దాని కోసం వెతకనూ అక్కర్లేదు, ఎందుకంటే ఆ గీతలు గీసేది చెట్టు కాదు, బూజు. తడి కర్రలోకి దూరిన శిలీంధ్రాలు ఒకదాని జాగాలోకి ఇంకోటి రాకుండా, పొలం పంచుకున్న అన్నదమ్ముల్లా గట్లు వేసుకుంటాయి. మీరు చూసిన గీతలు ఆ గట్లే.

ముందు గోరుతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఇవాళే పని మొదలుపెట్టండి, మెత్తగా దిగబడితే ఆ ముక్క వదిలేయండి. 2018లో తిత్లీ తుపానుకి పర్లాకిమిడిలో మా మామిడి కూలింది. మరుసటి ఏడాది గీతలు చూసి మురిసిపోయి, ఇంకో వానాకాలం ఉంచితే ఇంకా బాగుంటుందని ఆశపడ్డాను. చివరికి మిగిలింది పొట్టే.

దుంగ నడిమి భాగం గిన్నెలోకి రాకుండా నిలువునా చీల్చండి, అది ఉంటే పగులు ఖాయం. వెంటనే లేత్ మీద తిప్పలేకపోతే రెండు కొసలకీ మైనం పూయండి. పచ్చి మీదే మందంగా తీసి (10 అంగుళాల గిన్నెకి అంగుళం మందం), కాగితం సంచిలో పెట్టి నీడన ఉంచి, వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగాక మళ్లీ లేత్ ఎక్కించి పలచగా తీయాలి. తేమ 20 శాతం లోపుకి దిగితే కుళ్లు కూడా ఆగిపోతుంది. ఉలి బాగా పదునుండాలి, లేకపోతే మెత్తటి చోట పీచు లేస్తుంది. అక్కడ పలచటి సూపర్ గ్లూ పట్టించి ఆరాక తీయండి. ఇలాంటి కర్ర తిరుగుతూనే విరిగి ఎగరొచ్చు, కాబట్టి స్పీడు తక్కువ పెట్టి, ముఖానికి షీల్డ్ వేసుకుని, ఎదురుగా కాకుండా పక్కకి నిలబడండి. మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ములో బూజు ఉంటుంది, పైగా మామిడి జీడి కుటుంబానిది, కొందరికి ఒళ్లు దురద పెడుతుంది.

ఏటికొప్పాక బొమ్మలకైతే అంకుడు కర్ర మీద లక్క రంగులు ఎక్కిస్తారు, మీకు ఆ రంగుల పని లేదు, అవిసె నూనె చాలు. నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. ఆరుబయట పరిచి ఆరేయండి. గిన్నెలో పెరుగు, పచ్చడి వద్దు, పళ్లో పల్లీలో పెట్టుకోండి.