పారా క్రీడాకారుల్లో మనసును అదుపులో పెట్టుకునే విషయంలో ఆడామగా తేడా ఉంటుందా?

మీ కాలేజీ ప్రాజెక్టు కోసం ఈ ప్రశ్న రాసి పంపారు కదా, నా జవాబు ఇదే: ఉంటుంది. ఆడవాళ్లే మెరుగు. కాదనేవాళ్లను ఒక్కరోజు నాతో పాటు గ్రౌండ్‌కి వచ్చి కూర్చోమనండి.

నేను ఎఫ్57 విభాగంలో షాట్‌పుట్ వేస్తాను. పోలియో, రెండు కాళ్లూ. మాది కూర్చుని వేసే ఆట. అందులో ఒక మెలిక ఉంది. నిలబడి వేసేవాళ్లు వంతులవారీగా వేస్తారు. ఒక త్రో చెడితే పక్కకెళ్లి, గుక్కెడు నీళ్లు తాగి, కోచ్‌తో నాలుగు ముక్కలు మాట్లాడి, మళ్లీ వంతు వచ్చేలోపు కుదుటపడతారు. మాకు ఆ వెసులుబాటు లేదు. త్రోయింగ్ చెయిర్‌లో కూర్చుని బెల్టులు బిగించుకున్నాక వరుసపెట్టి వేసేయాలి. త్రోకు ఒక్క నిమిషం. పోయినదాన్ని మరిచిపోవడం కూడా ఆ నిమిషంలోనే జరిగిపోవాలి.

ఒకసారి నేషనల్స్‌లో మగవాళ్ల ఎఫ్57 అయ్యాక మా పోటీ. వాళ్లలో మా రాష్ట్రం కుర్రాడు ఒకడున్నాడు. బైక్ ప్రమాదంలో కాలు పోయింది. మంచి బలం, ప్రాక్టీసులో వాడి దరిదాపుల్లోకి ఎవరూ వచ్చేవారు కాదు. మొదటి త్రోకే నాలుగు కిలోల గుండు వేళ్ల మీంచి జారి గీత బయట పడింది. అంతే, పట్టుకునే రాడ్డును పిడికిలితో గుద్దాడు. అవతల్నుంచి కోచ్ సార్ ‘వదిలెయ్‌రా, వదిలెయ్’ అని అరుస్తూనే ఉన్నారు. రెండోది కసికొద్దీ విసరబోయి సీటు మీంచి పైకి లేచాడు. మా ఆటలో అలా లేస్తే ఫౌల్. ఎర్రజెండా. మూడోదీ అంతే. కోపం దిగేసరికి త్రోలు అయిపోయాయి. బెల్టులు విప్పుతుంటే ‘సీటు జారుతోందక్కా’ అన్నాడు నాతో. తర్వాత మేమందరం వేసింది ఆ సీటు మీదే.

ఇక నా సంగతి. పొద్దున్నుంచి చుక్క నీళ్లు తాగలేదు. అక్కడి బాత్రూమ్ తలుపులో వీల్‌చెయిర్ పట్టదు మరి. మగవాళ్లు సీసాతో ఎలాగో కానిచ్చేస్తారు, మేమేం చేయాలి? ఎండలో నీళ్లు లేకపోతే ఒంట్లో సత్తువతో పాటు ఏకాగ్రత కూడా పోతుంది. ఆపుకుని ఆపుకుని ఇన్‌ఫెక్షన్లు తెచ్చుకున్నవాళ్లు మాలో ఎంతమంది ఉన్నారో అడగకండి. కోట్లు పెట్టి సింథటిక్ ట్రాక్ వేయించిన పెద్దలకు తలుపు ఇంకో జానెడు వెడల్పు పెట్టించడానికి చేతులు రాలేదు.

బెల్టులు బిగించడానికి వచ్చిన వాలంటీర్ మగపిల్లాడు, కాలేజీ వయసు. తొడల మీదుగా లాగి కట్టాలి. వాడికీ మొహమాటమే, నాకూ మొహమాటమే. వదులుగా కట్టేసి వెళ్లబోయాడు. ‘తమ్ముడూ, ఇంకా లాగు. నువ్వు సిగ్గుపడితే నేను కిందపడతాను’ అన్నాను. నవ్వేసి గట్టిగా లాగాడు. నా టెన్షన్ సగం అక్కడే పోయింది.

నా మొదటి త్రో కూడా చెత్తగానే పడింది. నేను గుండు ఎక్కడ పడిందో చూడను. అది తిరిగొచ్చేలోపు వేళ్లకు పౌడర్ రాసుకుంటూ, బొటనవేలు దగ్గర మోచెయ్యి, చూపుడువేలు దగ్గర గడ్డం, నడిమివేలు దగ్గర ఊపిరి అని అప్పజెప్పుకుంటాను. మూడోది బాగా పడింది. పతకం రాలేదు, ఫౌల్ కూడా లేదు.

ఇది ఆడపుట్టుకతో వచ్చే సహనం అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇది తర్ఫీదు. ఇంట్లో వైకల్యం ఉన్న మగపిల్లాడికి ట్రైసైకిల్ కొంటారు, ఆడపిల్ల ఉంటే తలుపేస్తారు. చుట్టాలొస్తే ‘దీని పెళ్లెలా’ అన్న మాట మన ముందే అంటారు. అవి వింటూ ముఖం మామూలుగా పెట్టుకోవడం మాకు చిన్నప్పుడే అలవాటైపోయింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవన్‌జీని చూడండి. ఆమెది మా విభాగం కాదు, మేధోవైకల్యం ఉన్నవాళ్ల టీ20 పరుగు. ఊళ్లో ఎన్ని మాటలు పడ్డారో ఆమె తల్లిదండ్రులే చెప్పారు. ఆ అమ్మాయి 2024లో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది.

పారిస్ ఆర్చరీనే చూపించి నన్ను ఇరికించాలని చూసేవాళ్లుంటారు. శీతల్ దేవి వ్యక్తిగత పోటీలో 137-138తో, ఒక్క పాయింటుతో ఓడింది. రాకేశ్ కుమార్ కూడా కంచు పతకం పోటీలో 146-147తో ఒక్క పాయింటుతోనే ఓడాడు. తర్వాత ఇద్దరూ కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో ఇటలీని 156-155తో ఓడించి కంచు పట్టారు. మరి తేడా ఎక్కడ అంటారా? శీతల్‌కు అప్పుడు 17 ఏళ్లు, రాకేశ్‌కు 39. మగవాళ్లకు ఆ నిబ్బరం రావడానికి ఇరవై ఏళ్లు ఎక్కువ పడుతుందని నా లెక్క!

మగవాళ్లను తిట్టాలని కాదు. ఏడవకూడదని పెంచి, కోపం ఒక్కటే వాళ్లకు వదిలారు. పెద్దయ్యాక ప్రమాదంలో కాలో చెయ్యో పోయిన కుర్రాళ్లకు ఇంకా కష్టం, నిన్నటిదాకా ఉన్న ఒంటితో పోల్చుకుంటూనే ఉంటారు. అలాంటివాళ్లకు క్యాంపులో ఏం చేస్తారంటే, సూటు వేసుకున్న ఒకాయనను పిలిచి ‘సంకల్పం ఉంటే సాధించలేనిది లేదు’ అని గంటసేపు చెప్పిస్తారు. ఆ గంట నాకిస్తే కుర్చీలో కట్టేసి, కావాలని ఒక త్రో చెడగొట్టించి, నిమిషం గడియారం పెడతాను. మౌనంగా ఉన్న అమ్మాయిని చూసి ‘ఫైర్ లేదు’ అనే కోచ్‌లను కూడా ఆ కుర్చీలో ఓసారి కూర్చోబెట్టాలి.

మీరు కాలేజీ ప్రాజెక్టు కోసం ఫారాలు పంచబోతున్నారని రాశారు. ‘ఒత్తిడిలో ప్రశాంతంగా ఉంటారా? ఎప్పుడూ/అప్పుడప్పుడూ’ అని అడిగితే అందరం ఎప్పుడూ దగ్గరే టిక్కు పెడతాం. దాని కింద ఇంకో ప్రశ్న చేర్చండి: పోటీ రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగారా? ఆడవాళ్ల ఫారాలు ఒక కట్ట, మగవాళ్లవి ఒక కట్ట పెట్టి, ముందు ఆ గడి లెక్కపెట్టండి.