వేళ్లు పరుగెడుతున్నాయి, ఫాక్స్ మాత్రం కదలడం లేదు

ప్రశ్న: సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ అనే ఫైటింగ్ వీడియో గేమ్‌లో ఫాక్స్ అనే క్యారెక్టర్‌తో ఆడుతున్నాను. ఒక్కడినే ఉన్నప్పుడు వేవ్‌డాష్ (జంప్ మొదలవగానే నేల మీద జారే కదలిక) బాగానే వస్తుంది, మ్యాచ్‌లో టెన్షన్ పడి ఎంత గబగబా నొక్కినా గాల్లోకి ఎగిరిపోతున్నాడు. స్పీడ్ పెంచుకోవడం ఎలా?

జవాబు: మీకు కావలసింది స్పీడ్ కాదండీ, టైమింగ్. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేములతో, అంటే తెర మీద 60 బొమ్మలతో నడుస్తుంది, జంప్ నొక్కాక ఫాక్స్ 3 ఫ్రేములు నేల మీదే ఉండి ఆ తర్వాతే లేస్తాడు. సరిగ్గా లేచే క్షణంలో స్టిక్‌ను ఏటవాలుగా కిందికి పెట్టి ఎయిర్‌డాడ్జ్ (గాల్లో దెబ్బ తప్పించుకునే కదలిక) కొడితేనే జారతాడు. ఈసారి తప్పినప్పుడు స్క్రీన్ చూడండి: మామూలుగా ఎగిరితే మీరు తొందరపడ్డట్టు, గాల్లో డాడ్జ్ కనిపించి నిస్సహాయంగా కిందపడితే ఆలస్యం చేసినట్టు. గబగబా నొక్కేవాళ్లకి ఎక్కువగా మొదటిదే జరుగుతుంది! ఇలా లేవడానికి ముందు మార్త్ అనే క్యారెక్టర్‌కి 4 ఫ్రేములు, బౌసర్‌కి ఏకంగా 8, కాబట్టి రోజుకో క్యారెక్టర్ మార్చకండి.

గాల్లో దాడి చేసి దిగేటప్పుడు వాడే ఎల్-క్యాన్సిల్ కూడా అంతే. నేల తాకే ముందు 7 ఫ్రేముల్లోపు షీల్డ్ బటన్ నొక్కితే ల్యాండింగ్ లాగ్ (దిగాక కదలలేని సమయం) సగమవుతుంది. కానీ దెబ్బ తగిలినప్పుడు ఇద్దరూ కాసేపు స్తంభిస్తారు కదా, దాంతో నేల తాకడం ఆలస్యమవుతుంది, ఖాళీ స్టేజీ మీద నేర్చుకున్న లయ అక్కడ పనిచేయదు. అందుకే కదలని ప్రత్యర్థిని పెట్టుకుని, కొన్ని తగిలేలా, కొన్ని కావాలనే తప్పేలా కలిపి కొట్టండి. కంట్రోలర్‌ని గట్టిగా పిసకొద్దు, వేళ్లు బిగుసుకుంటే నెమ్మదిస్తాయి.