కొత్త ఇల్లు కొన్నాం, ముందు ఏ పని చేయించాలి?

ప్రశ్న: నమస్తే అన్నా. డల్లాస్ దగ్గర ప్రాస్పర్‌లో కొత్త ఇల్లు తీసుకున్నాం. నిన్నమొన్నటి దాకా అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లం, ఇక్కడ సొంతింటి సంగతులేమీ తెలియవు. గృహప్రవేశం అవగానే ప్యాటియోకి కప్పు, హాల్లో వాల్‌పేపర్, పెద్ద షాండ్లియర్, పాంట్రీ పక్కన పూజ గది చేయించాలని మా ఆవిడా నేనూ అనుకుంటున్నాం. చేతిలో ఇరవై, పాతిక వేల డాలర్లు ఉన్నాయి. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: కంగ్రాట్స్ తమ్ముడూ. నా మాట వింటే ఆ డబ్బు ఓ ఏడాది పాటు బ్యాంకులోనే ఉంచండి. ఒక ఎండాకాలం, ఒక చలికాలం ఆ ఇంట్లో గడిపితే అది ఎక్కడ ఏం అడుగుతుందో మీకే తెలుస్తుంది. ఈలోపు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటికి పైసా ఖర్చు లేదు.

వాల్‌పేపర్ ఎందుకు వద్దంటున్నానంటే, కొత్త ఇంటి చెక్క ఫ్రేము మొదటి ఏడాదంతా ఆరుతూ, సర్దుకుంటూ ఉంటుంది. తలుపుల పైన మూలల్లో సన్నటి పగుళ్లు వస్తాయి, గోడలో మేకుల తలలు బయటికి పొడుచుకొస్తాయి. చాలామంది బిల్డర్లు ఇచ్చే వారంటీ మొదటి ఏడాది పనితనానికి, రెండేళ్లు ప్లంబింగ్, ఎలక్ట్రికల్ లాంటివాటికి, పదేళ్లు ఇంటి కట్టడానికి. ఏడాది నిండేలోపు చెప్తే ఆ పగుళ్లు వాళ్లే పూడ్చి రంగు వేసి పోతారు. కానీ వాళ్లు వేసేది వాళ్ల రంగే. మీరు మూడు వేలు పోసి అంటించిన వాల్‌పేపర్‌ని కోసి కింద పగులు పూడిస్తే, మళ్లీ అంటించుకునేది మీరే. అందుకని పదకొండో నెలలో ఒక ఇన్‌స్పెక్టర్‌ని సొంతంగా పెట్టుకుని ఇల్లంతా చూపించండి. ఆయన ఇచ్చిన లిస్టు బిల్డర్‌కి ఈమెయిల్‌లో పంపండి, నోటిమాటగా చెప్పి వదిలేయొద్దు. అవన్నీ సరిచేశాకే అలంకారాలు.

డబ్బు అట్టే పెట్టమనడానికి రెండో కారణం ఇంటి పన్ను. టెక్సాస్‌లో జనవరి 1 నాటికి ఆ స్థలం ఎలా ఉందో చూసి విలువ కడతారు. ఆ రోజుకి మీ ప్లాట్‌లో పునాది కూడా పడకపోతే ఆ ఏడాది పన్ను ఖాళీ స్థలానికే పడుతుంది. బిల్లు చూసి మనవాళ్లు తెగ సంతోషపడతారు. లోను కంపెనీ కూడా ఆ లెక్కనే పట్టుకుని ఎస్క్రోకి, అంటే పన్ను, ఇన్సూరెన్స్ కోసం నెలనెలా మీ దగ్గర తీసి దాచే ఖాతాకి, తక్కువ తీసుకుంటూ ఉంటుంది. మరుసటి ఏడాది పూర్తి ఇంటికి బిల్లు వస్తుంది. అప్పుడు పాత ఏడాది తక్కువపడిన మొత్తం, పెరిగిన కొత్త మొత్తం రెండూ కలిపి నెల వాయిదాకి వందల డాలర్లు ఎక్కిస్తారు. ఇక్కడ రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి స్కూళ్లు, కౌంటీ, సిటీ ఎక్కువగా ఈ పన్ను మీదే నడుస్తాయి. ఇంటి విలువలో ఏటా రెండు శాతం అటూఇటూ ఉంటుంది. మీది పిఐడి (రోడ్లు, పార్కుల్లాంటి వసతుల కోసం ఆ కాలనీ ఇళ్ల మీద వేసే రుసుము) ఉన్న కమ్యూనిటీ అయితే అది అదనం. ఇల్లు మీ పేరిట మారిన రోజు సంతకాలు చేసిన క్లోజింగ్ కాగితాల్లో ఉంటుంది, ఓసారి తీసి చూసుకోండి.

అదే పన్ను తగ్గించే కాగితం హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్. సొంతానికి ఉంటున్న ఇంటికి స్కూలు పన్ను లెక్కించేటప్పుడు విలువలోంచి కొంత తీసేస్తారు. 2023లో దాన్ని లక్ష డాలర్లు చేశారు, 2025లో లక్షా నలభై వేలకు పెంచారు. వీసా మీద ఉన్నా సరే, అది మీ ప్రధాన నివాసమైతే చాలు. డ్రైవింగ్ లైసెన్స్ మీద కొత్త ఇంటి అడ్రస్ ఉండాలి, కాబట్టి ముందు అది మార్పించుకోండి. దరఖాస్తు మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే ఇళ్ల విలువ కట్టే ఆఫీసుకి, ఏప్రిల్ 30లోపు. ఒక్క డాలర్ కూడా కట్టక్కర్లేదు. ఇల్లు కొన్న కొన్ని వారాలకే ప్రభుత్వ ఉత్తరంలా కనిపించే కవర్లు వస్తాయి, ఇంత కడితే మీ తరఫున ఫైల్ చేస్తాం అని. అవి నేరుగా చెత్తబుట్టలోకి.

ఇప్పుడు నీళ్లు. ఈ ఊళ్లో ఇళ్లను నిప్పు కంటే నీళ్లే ఎక్కువ పాడుచేస్తాయని నా నమ్మకం.

ఈ శనివారమే మీరిద్దరూ కలిసి మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వెతకండి. మామూలుగా రోడ్డు పక్కన పచ్చికలో మీటర్ పెట్టె మూత కింద ఉంటుంది, కొన్ని ఇళ్లలో గోడ దగ్గర ఇంకోటి ఉంటుంది. మూత తీసి, మట్టి పక్కకు తోసి, వాల్వ్ తిప్పి చూడండి. ఇంట్లో కుళాయి ఆగిందా లేదా చూసి మళ్లీ తెరవండి. తిప్పడానికి ప్రత్యేకమైన తాళం లాంటి రాడ్ కావాలంటే హోమ్ డిపోలో దొరుకుతుంది, గ్యారేజీలో గోడకు తగిలించండి. అర్ధరాత్రి పైపు పగిలినప్పుడు ఫోన్ లైటు వేసుకుని వెతికే పరిస్థితి రాకూడదు. మీ ఆవిడకి కూడా చేతిలో పెట్టి తిప్పించండి. పైపు పగిలే రోజు మీరు ఆఫీసు టూర్‌లో ఉండవచ్చు.

తర్వాత అటిక్, అంటే సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఉండే చోటు, ఎక్కండి. ఇక్కడ చాలా ఇళ్లలో వాటర్ హీటరూ, ఏసీ యూనిటూ అటిక్‌లోనే, అంటే బెడ్‌రూముల నెత్తిమీదే ఉంటాయి. హీటర్ కింద ఒక పళ్లెం ఉంటుంది. నెలకోసారి అందులో తడి ఉందేమో చూడండి. హీటర్‌ని 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టండి, చిన్నపిల్లలున్న ఇల్లయితే అంతకుమించి అస్సలొద్దు. ఏసీ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఇంటి చుట్టూ తిరిగితే ఏదో ఒక కిటికీ పైన, గోడలోంచి చిన్న పైపు ముక్క బయటికొచ్చి కనిపిస్తుంది. అది ఎప్పుడూ పొడిగానే ఉండాలి. దాంట్లోంచి నీళ్లు కారుతున్నాయంటే ఏసీ నీళ్లు పోయే అసలు గొట్టం పూడుకుపోయిందని అర్థం. మీ కంట పడాలనే దాన్ని కిటికీ ముందు పెడతారు. ఏసీ నీళ్లే కదా అని వదిలేస్తే జులైలో సీలింగ్ మీద పసుపు మరక తేలుతుంది. ఎండాకాలం నెలకోసారి డ్రెయిన్ గొట్టంలో కాస్త వెనిగర్ పోస్తే పాచి పట్టదు.

బాత్రూమ్ విషయంలో మన అలవాట్లు కొంచెం మార్చుకోవాలి. ఇక్కడ టబ్బు బయట నేలలో తూము ఉండదు. బకెట్, మగ్గు వాడుకోండి, కానీ టబ్బు లోపలే. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు మొదటి రోజే ఇది నెమ్మదిగా చెప్పండి, లేకపోతే పై బాత్రూమ్ కడిగిన నీళ్లు కింద డైనింగ్ టేబుల్ మీద పడతాయి. టాయిలెట్ పక్కన చేతి స్ప్రే బిగించుకోవడం తేలికే, ముప్పై, నలభై డాలర్ల పని. గోడ వాల్వ్ దగ్గర టీ (T ఆకారపు జాయింట్) బిగించి గొట్టం తగిలించడమే. అయితే వాడాక ఆ టీ దగ్గరే నీళ్లు కట్టేయాలి. స్ప్రే మీట వదిలేసినంత మాత్రాన గొట్టంలో ఒత్తిడి పోదు. మా వీధిలో ఒకాయన ఇల్లంతా తడిసింది అలాంటి గొట్టం రాత్రిపూట పగిలే.

చలికాలం అంటే టెక్సాస్‌లో ఏముంటుందిలే అనుకోకండి. 2021 ఫిబ్రవరిలో డల్లాస్ ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్ పడింది. కరెంటు పోయి, ఇళ్లు గడ్డకట్టి, ఎన్నో ఇళ్లలో పైపులు పగిలాయి. ఫ్రీజ్ వార్నింగ్ వచ్చిన సాయంత్రం బయటి కుళాయిల నుంచి గార్డెన్ గొట్టాలు తీసేసి, ఆ కుళాయిలకు థర్మోకోల్ తొడుగులు పెట్టండి. బయటి గోడ వైపున్న కుళాయిలను సన్నటి ధారగా వదలండి, సింకు కింద తలుపులు తెరిచి ఉంచండి. డిసెంబర్‌లో ఇండియా వెళ్తే మెయిన్ వాల్వ్ కట్టేసి, థర్మోస్టాట్‌ని 55 ఫారెన్‌హీట్‌కి తగ్గకుండా పెట్టి వెళ్లండి. ఇంటిని వెచ్చబెట్టే హీటింగ్ పూర్తిగా ఆపేసి వెళ్లి పైపు పగిలితే ఇన్సూరెన్స్ వాళ్లు కొర్రీలు వేస్తారు.

ఎండాకాలంలో బాధ ఇంకోటి. ఇక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. దాని మీద పరిచిన కాంక్రీటు పలక మీద ఇల్లు నిలబడి ఉంది. ఆగస్టులో పునాది పక్కన మట్టి గోడను వదిలి పగులు కనిపిస్తే, అడుగు, అడుగున్నర దూరంలో సోకర్ హోస్ (పొడవునా నీళ్లు చెమర్చే గొట్టం) పరిచి, సిటీ నీటి నిబంధనలు చూసుకుని తడుపుతూ ఉండండి. నాలుగు వైపులా ఒకేలా తడవాలి. ఒక్క వైపే తడిపితే అసలు తడపకపోవడం కంటే కష్టం.

నిజంగా డబ్బు పెట్టాలని చేయి దురదగా ఉంటే వంటింటి మీద పెట్టండి. స్టవ్ పైన మైక్రోవేవ్ ఉందా? దాని ఫ్యాన్ వేసి, పైన ముందు భాగంలో చేయి పెట్టి చూడండి. గాలి మీ ముఖానికే కొడితే, అది పోపు ఘాటును బయటికి పంపట్లేదు, జాలీలో వడకట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతోంది. ఎండుమిర్చి వేసిన ప్రతిసారీ ఇల్లంతా దగ్గడానికి, పిల్లల కోట్లకు వాసన పట్టడానికి కారణం అదే. పైకప్పు నుంచో గోడ నుంచో బయటికి గొట్టం వేసి మంచి హుడ్ పెట్టించుకోవడం నా దృష్టిలో షాండ్లియర్ కంటే పదిరెట్లు విలువైన పని. అయితే 400 సిఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి లాగే శక్తి) దాటిన హుడ్ పెడితే పోయిన గాలికి బదులు బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా చాలా ఇళ్లలో కావాలంటుంది బిల్డింగ్ కోడ్. అమ్మేవాళ్లు ఆ సంగతి చెప్పరు. అప్పటిదాకా ఏసీ ఫిల్టర్ నెల నెలా మార్చండి, మన వంటకి మూడు నెలలు ఆగదు. చేపల పులుసుకి వెనక ప్యాటియోలో ప్రొపేన్ స్టవ్ పెట్టుకున్నా మంచిదే. గ్యారేజీలో మాత్రం వద్దు, తలుపు తీసి ఉంచినా వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌తో ఆటలొద్దు. సింకులో డిస్పోజల్ (తిండి వ్యర్థాలు నలిపే మిషన్) ఉంది కదా అని అన్నం, మునక్కాయ తొక్కలు, వేయించిన నూనె అందులో వేయకండి.

గృహప్రవేశం ఇంకా కాలేదన్నారు కాబట్టి ఒక మాట. కొత్త ఇళ్లలో పొగ అలారంలు ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. అలారం కంపెనీ మానిటరింగ్ ఉంటే ముందే ఫోన్ చేసి టెస్ట్ మోడ్‌లో పెట్టమనండి, లేకపోతే పూర్ణాహుతికి ఫైరింజన్ కూడా వస్తుంది. హోమం ప్యాటియోలో చేయించడం మేలు, పంతులుగారికి అలవాటే. పాలు పొంగించేటప్పుడు చిన్న ఎలక్ట్రిక్ కుంపటిని ట్రేలో పెట్టి దాని మీద పొంగించండి. గాజు స్టవ్ మీద మాడిన పాలు వదలవు. పూజ గది సంగతి, పాంట్రీ పక్కన గోడ కొట్టే పని పెట్టుకోకుండా ఒక మందిరం కొని తూర్పు చూపులో పెట్టుకుంటే సరిపోతుంది. వాస్తు కోసం గోడలు కొట్టిన వాళ్లు అమ్మేటప్పుడు కష్టపడటం చూశాను.

ప్యాటియో కప్పుకి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి, సిటీ పర్మిట్ రెండూ కావాలి. ఒకటి తెచ్చుకుంటే రెండోది అక్కర్లేదని చెప్పే కాంట్రాక్టర్‌ని అక్కడే ఆపేయండి. వసంతంలో వడగళ్లు పడ్డ మర్నాడు రూఫింగ్ వాళ్లు తలుపు తడతారు. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇచ్చేలోపు మీరు కట్టాల్సిన వాటా, మేమే చూసుకుంటాం అంటే ఆ మనిషిని నమ్మొద్దు, టెక్సాస్‌లో అలా మాఫీ చేయడం 2019 నుంచి చట్టవిరుద్ధం.

కంచె కోసమో గోంగూర మడి కోసమో నేల తవ్వాలంటే రెండు మూడు పనిదినాలు ముందే భూమిలో ఉన్న లైన్లు గుర్తుపెట్టించే 811 నంబరుకి ఫోన్ చేయండి. ఉచితంగా వచ్చి గ్యాసుకి పసుపు, కరెంటుకి ఎరుపు రంగు గీతలు గీసి పోతారు. కరివేపాకు మొక్క ఎవరైనా బంధువులు వేరే రాష్ట్రం నుంచి కారులో తెచ్చిస్తానంటే వద్దనండి. నిమ్మజాతి చెట్లను పాడుచేసే పురుగు దాని మీద ఉంటుందని ఆంక్షలున్నాయి. ఇక్కడి నర్సరీలోనే కొనుక్కోండి, అదీ కుండీలోనే పెంచండి. నవంబర్‌లో లోపలికి జరపకపోతే మొదటి ఫ్రీజ్‌కే పోతుంది.